కళ్ళంలో గీసిన కమాను

నా చేతి ముగ్గు బాగుంటుందని మా వాడలో అందరూ అనేవాళ్ళు. ఆ పొగడ్త గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. నేను ముగ్గుచిప్ప ముట్టి ముప్పై ఏళ్ళు దాటింది. మొగుడు పోయిన ఆడది కదా, ముగ్గెందుకు వేస్తుందిలే అని లోకం సరిపెట్టుకుంది. లోకానికి ఏదో ఒక కారణం దొరికితే చాలు. అసలు కారణం ఏందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంక దాచుకుని ఏం చేసుకుంటాను, అందుకే రాస్తున్నాను.

మాది ఆదోని. రాతిపని వాళ్ళం. ఆదోని కొండల్లో రాయికి కొదవ లేదు, పనికే కొదవ. అప్పుడు మాది బళ్ళారి జిల్లా. మా ఆయన నాకు సొంత మేనమామ, మా అమ్మకు తమ్ముడు. పెళ్ళికి ముందూ మామే, పెళ్ళయినాకా మామే. ఆయన తల్లి నాకు అత్త, అంతకుముందే అవ్వ. పిలుపులేమీ మారకుండానే నా కాపురం మొదలైంది.

ఆయనది మాట తక్కువ, పని ఎక్కువ. రాయిని సుత్తితో ఒకసారి తట్టి చెవి పెట్టేవాడు. గంట మాదిరి పలికితే మంచి రాయి. దగ్గినట్టు పలికితే లోపల చీలిక ఉన్నట్టు. "మనిషి కన్నా రాయి నయం మే, తట్టితే నిజం సెప్తాది" అనేవాడు నాతో. నేను నవ్వేదాన్ని. ఆ మాట నా గురించే అవుతుందని అప్పుడు నాకేం తెలుసు.

రెండో పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. ఎమ్మిగనూరు తోవలో ఒక మెట్ట ఊర్లో పాదిరి దొర పెద్ద చర్చి కట్టిస్తున్నాడని, రాతి కమానులు కట్టేవాళ్ళు కావాలని కబురొచ్చింది. అవ్వను తీసుకుని ముగ్గురం పోయాం. తాత, అంటే మా ఆయన నాయన, అప్పటికి పోయి ఏడాది కాలేదు. చర్చి గోడలు నిలువెత్తు లేచి ఉన్నాయి. దగ్గర్లోనే ఒక రైతు కళ్ళం ఉంటే దాని అంచున మాకు గుడిసె వేసిచ్చారు. నూర్పిళ్ళు అయిపోయాయి కాబట్టి కళ్ళం ఖాళీ. అదే మాకు వాకిలి.

దొర పొడుగు మనిషి, ఎండకు ముక్కు ఎప్పుడూ ఎర్రగా ఊడిపోతూ ఉండేది. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు. అందరినీ తమరు అనేవాడు, సున్నం మోసే గాడిదను కూడా. మొదటిరోజే ఒక బొమ్మ తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు. "తమరు దీనిని అవలోకించండి" అన్నాడు. అంచులు పురుగు కొట్టిన పాత బొమ్మ. అందులో ఉన్నది గుడో, కొండో మొదట నాకు తెలియలేదు. అంత ఎత్తు. అంతా రాయి. కమాను మీద కమాను, ఆ పైన మళ్ళీ కమాను. అన్నీ నెత్తిన మొనదేలి ఉన్నాయి, రెండు అరచేతులు కలిపి దణ్ణం పెట్టినట్టు.

అది దొర పుట్టిన ఊరి గుడి. ఏడువందల ఏళ్ళ నాటిది. దాని సంగతులు ఆయన సాయంత్రాలు చెప్పేవాడు, పని దిగిన తర్వాత మేమందరం రాళ్ళ మీద కూర్చుని వినేవాళ్ళం. పునాది వేసినవాడు గోడ చూడలేదట. గోడ కట్టినవాడు కప్పు చూడలేదట. మనవడి మనవడు వచ్చి కప్పు వేశాడట. నడుమ ఒకసారి పెద్ద జబ్బు వచ్చి ఊరికి ఊరే పోతే, సగం గోడల మీద గడ్డి మొలిచి ఎన్నో ఏళ్ళు అట్లాగే నిలబడిందట. ఒకనాడు నడిమి గోపురం కూలిపోయింది. మళ్ళీ కట్టారు, ఈసారి ఇంకా ఎత్తుగా. మనుషుల మొండితనం ఎక్కడైనా ఒకటేనని అవ్వ తీర్పు చెప్పింది.

మొన కమాను ఎందుకో కూడా దొరే చెప్పాడు. గుండ్రటి కమాను నెత్తిన బరువు పెడితే అది రెండు పక్కలా గోడను బయటికి తోసేస్తుంది. అందుకని పాతకాలం వాళ్ళు గోడలు మందంగా పెట్టి, కిటికీలు పిట్టగూళ్ళంత పెట్టేవాళ్ళు, లోపల చీకటి. కమానును మొనదేల్చి పైకి లేపితే బరువు పక్కకు తక్కువ పోయి కిందికి ఎక్కువ దిగుతుంది. అప్పుడు గోడ పలచన చేసుకోవచ్చు, కిటికీ ఎంత పొడుగైనా పెట్టుకోవచ్చు. మిగిలిన తోపుడుకు బయట నుంచి రాతి ఊతాలు, పడబోయే గోడకు మనం దుంగ ఆనించినట్టు. కిటికీల నిండా రంగుల అద్దాలు. చదువు రానివాళ్ళకు ఆ అద్దాల్లోనే దేవుడి కథలు.

మా ఆయన అంతా విని, "ఈ కమాను మాకు కొత్త కాదు దొరా. ఆదోని పెద్ద మసీదుకు పోయి సూడు. అన్నీ మొన కమానులే. మా పెద్దోళ్ళు కొట్టినారంటారు" అన్నాడు.

దొరకు కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. పొంగిపోయాడు. ఈ కమాను తూర్పు నుంచే తమ దేశానికి వచ్చిందని చెప్పే పండితులు కూడా ఉన్నారన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం.

"అంత కట్టినోళ్ళ పేర్లేంది?" అని ఒకరోజు మా ఆయన అడిగాడు.

పేర్లు పోయాయన్నాడు దొర. గుర్తులు మిగిలాయన్నాడు. రాయి కొట్టిన ప్రతివాడూ తన గుర్తు ఒకటి ఆ రాతి మీద చెక్కేవాడట, బాణమో, చేపో, రెండు గీతలో. ఎవరు ఎంత పని చేశారో తెలియడానికి ఒకటి. రాయి తప్పయితే ఆ తప్పు ఎవరిదో తెలియడానికి ఇంకొకటి. మా ఆయనకు ఈ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను. మర్నాటి నుంచే తన రాళ్ళకు గుర్తు పెట్టడం మొదలుపెట్టాడు. ఒక నిలువు గీత, దాని నెత్తిన అడ్డగీత. సుత్తి అన్నమాట.

తూర్పు గోడలో పెద్ద కిటికీ కమాను దగ్గర చిక్కు వచ్చింది. దొర కాగితం మీద గీసిచ్చాడు, కొలతలు రాసిచ్చాడు. మా ఆయన ఆ కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "ఈ జానెడు కమానుకు నేను రాయి యాడ కొట్టేది?" అన్నాడు. వంపు రాళ్ళు అచ్చంగా కొలతకు రావాలి. దొర ఆలోచించి, తమ ఊరి గుడిలో ఒక గది ఉందనీ, ఆ గది నేలంతా గచ్చు చేసి, కట్టబోయే కమానును ఆ నేల మీద అసలు కొలతకే గీసి, ఆ గీత మీద పెట్టి రాళ్ళు కొట్టేవాళ్ళనీ చెప్పాడు. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయట, ఒకదాని మీద ఒకటి.

మా ఆయన తల తిప్పి నన్ను చూశాడు. "దొరా, ఆ పని మా ఇంట్లో రోజూ జరుగుతాది" అన్నాడు.

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. సంతోషం కూడా.

కళ్ళం అలికాను. ఎండకూ వానకూ పైన బోదగడ్డి పందిరి వేశారు. గీతను మేకుతో గాడి పెడదామంటే రైతు ఒప్పుకోలేదు, రేపు గింజలు గాట్లలో ఇరుక్కుంటాయన్నాడు. రెండు మేకులకు మాత్రం బొక్కలు చేసుకోమన్నాడు. కమాను రెండు కాళ్ళ దగ్గరా రెండు మేకులు కొట్టి, ఎమ్మిగనూరు సంతలో తెచ్చిన నూలుదారానికి మైనం రాసి, ఒక మేకుకు కట్టి తిప్పితే ఒక వంపు, రెండో మేకుకు కట్టి తిప్పితే ఇంకో వంపు. రెండూ పైన కలిసిన చోట మొన. దారం మా ఆయన తిప్పాడు, పిండి నేను పోశాను. చేయి ఎక్కడా ఆగకుండా, సన్నగా, ఒకే తీరుగా. అయిపోయినాక లేచి నిలబడి చూస్తే నా కాళ్ళ దగ్గర ఏడువందల ఏళ్ళ నాటి కమాను పడుకుని ఉంది. జీవితంలో నేను అంత గర్వపడింది అదొక్కసారే.

మాతో పనిచేసే ముసలి మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఇది మింగుడు పడలేదు. "ఆడదాని ముగ్గుకు రాయి కొట్టల్లనా? రేపు గాజుల కొలతకు గోడ కట్టమంటావేమప్పా" అన్నాడు అందరి ముందు. అందరూ నవ్వారు.

మా ఆయన నవ్వలేదు. "గీత తప్పయితే నన్నడుగన్నా. ఆమెను కాదు" అన్నాడు.

ఆ కమాను రాళ్ళకు మాత్రం ఆయన తన సుత్తి గుర్తు పెట్టలేదు. మొదటి రాయి పూర్తయినప్పుడు నన్ను పిలిచి చూపించాడు. పక్కరాయికి ఆనుకునే ముఖం మీద, కట్టినాక బయటికి కనపడని చోట, నాలుగు చుక్కలు, వాటిని చుట్టుకుని ఒక మెలిక. చిన్న ముగ్గు. "ఇది నీ గుర్తు. గీత నీది గదా, నేను కొట్టేటోన్ని మాత్రమే" అన్నాడు. నేను ఆ చుక్కల మీద వేలు పెట్టి చూసుకున్నాను. చక్కగా ఉన్నాయి.

ఎడమ పక్క తొమ్మిది రాళ్ళు, నెత్తిన కూర్చునే నడిమి రాయి అయిపోయాయి. కుడి పక్క తొమ్మిది మిగిలాయి. రోజూ పొద్దున్నే చెదిరిన గీత మీద మళ్ళీ పిండి పోసేదాన్ని. ఇంతలో రాయి చాలక మా ఆయన బండి కట్టించుకుని ఆదోని కొండకు బయల్దేరాడు. పోతూ పోతూ "గీత జాగర్త మే" అన్నాడు.

ఆయన లేనప్పుడే పెద్దల అమావాస్య వచ్చింది.

పెద్దలకు పెట్టుకునే రోజు వాకిట్లో ముగ్గు ఉండకూడదు. ముగ్గుంటే పెద్దలు గడప దాటి లోపలికి రారని మా నమ్మకం. అవ్వకు చూపు ఆనదు, కాలితో తడుముకుంటూ నడిచేది. పొద్దున్నే బయటికొచ్చి, పాదం కింద పిండి గరగర తగిలి నిలబడిపోయింది.

"ఏందే ఇది, ఈ పొద్దు ముగ్గేంది? మీ తాత యాడ నుంచి లోపలికొస్తాడే?"

"అది ముగ్గు కాదవ్వా, కమాను గీత."

"పిండి పిండే. సచ్చినోళ్ళకు తేడా తెలుస్తాదా?"

తల్లీకూతుళ్ళు వాదించుకున్నట్టు వాదించి నెగ్గేదాన్నే, ఇంకో మాట అనకపోయి ఉంటే. "మీ తాత నీ కడుపునే పుట్టల్లని మొక్కుకున్నా. వాకిట్లోంచి వెనక్కు పోతే మళ్ళా వస్తాడా" అంది. అప్పటికి నాకు రెండు కాన్పులు పోయాయి. రెండోది మగబిడ్డ, బయటపడ్డాడు కానీ ఏడవలేదు. ఆ మాట విన్నాక నాకు కమాను లేదు, దొర లేడు, ఏడువందల ఏళ్ళు లేవు. పేడనీళ్ళు కలిపి కళ్ళమంతా అలికేశాను. అలుకు సరిగా పడదని మేకులు రెండూ పీకి పక్కన పెట్టాను. తాతకు పెట్టుకున్నాం. కాకి కూడా వచ్చి ముట్టింది. మనసు చల్లబడింది.

మర్నాడు గీత మళ్ళీ గీయాలి. మేకు బొక్కలు రెండూ పేడతో పూడుకుపోయాయి. వేలితో నొక్కుకుంటూ వెతికాను. ఒకటి వెంటనే దొరికింది. రెండోదాని చోట వేలు దిగబడగానే ఇదేలే అనుకుని మేకు గుచ్చాను. అవ్వ చేత దారం కొస పట్టించి తిప్పాను. పైన రెండు వంపులూ చక్కగా కలిశాయి. కలిసే చోటు కొంచెం జరిగిందని చెప్పడానికి పాత గీత అక్కడ లేదు. ముందు రోజుకంటే బాగుందని కూడా అనుకున్నాను, నా మొహానికి.

ఆయన రెండు రోజులకు వచ్చాడు. గీత చోట గీత ఉంది, అంతా మామూలుగా ఉంది. నేను ఏమీ చెప్పలేదు. చెరిపానంటే కోప్పడతాడని కాదు. ముసలి మేస్త్రీ చెవిన పడితే నవ్వుతాడని. గీత సరిగానే వచ్చింది కదా, చెప్పడమెందుకు అని. కుడి పక్క తొమ్మిది రాళ్ళూ, కింద పెట్టే కొయ్య అచ్చులో ఆ పక్క సగమూ ఆ కొత్త గీతకే తయారయ్యాయి.

అప్పుడే యుద్ధం మొదలైందన్న కబురు మా దాకా వచ్చింది. దొరను వాళ్ళ దేశం రమ్మంది. ఇరవై దినాల్లో ఓడ. పోయే లోపల తూర్పు కమాను నిలబడితే ఒక్కసారి దాని కింద ప్రార్థన చేసుకుని పోతానన్నాడు. మా ఆయన సరేనన్నాడు.

ఎక్కించే ముందు రాళ్ళను నేల మీద వరసగా పేర్చి చూసుకోవడం వాడుక. ఆ పని ఆయన ఒక్కడే చేసుకున్నాడు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టలేదు.

"మే, నేను కొండకు పోయినప్పుడు గీత ఏమన్నా జరిగిందా?"

గొంతు మామూలుగానే ఉంది. కోపం లేదు. ఇప్పుడైనా చెప్పవే అని అడిగినట్టు ఉంది, ఈనాడు తలుచుకుంటే. ఆనాడు నాకు భయమొక్కటే వినపడింది.

"లేదు మామా" అన్నాను.

"సరే" అన్నాడు. అన్నం తిన్నాడు.

ఆ తర్వాత మూడు రోజులు ఆయన అయిపోయిన రాళ్ళ దగ్గరే కూర్చుని ఉలి ఆడిస్తూ ఉన్నాడు. మిగతావాళ్ళను పడమటి గోడకు పంపేశాడు. నేను మజ్జిగ తీసుకుపోయి, "కొట్టేసిన రాళ్ళకు మళ్ళా ఏం పని మామా?" అని అడిగితే, "గరుకు తీస్తాండా" అన్నాడు. నన్ను దగ్గర కూర్చోమనలేదు. మామూలుగా అయితే కూర్చోమనేవాడు.

కమాను ఎక్కించారు. నడిమి రాయి తన చోట్లో సరిగా కూర్చోలేదు. కింద నుంచి చూస్తున్న నాకే తెలిసింది. ఆయన పైన ఒక్కడే ఉండి రాతి చెక్కలు దిగ్గొట్టి, సున్నం కూరి, దాన్ని కూర్చోబెట్టాడు. సున్నం గట్టిపడటానికి ఇంకా దినాలు కావాలి. దొర దగ్గర దినాలు లేవు.

అచ్చు తీసే రోజు ఊరంతా వచ్చింది. అచ్చు తీసేటప్పుడు కమాను కట్టినవాడు దాని కింద నిలబడాలని మా వాళ్ళలో ఒక మాట ఉంది. నా పని మీద నాకు నమ్మకముందని చెప్పడం అది. అట్లా నిలబడితే నలుగురు నాలుగు పక్కల నుంచి అచ్చు కింద బిగించిన చీలలు కొట్టి ఊడదీస్తారు. ఆ రోజు ఆయన ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. దొరను కూడా చేయి పట్టుకుని దూరంగా తీసుకుపోయి నిలబెట్టాడు. చీలలు తానే కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. అబ్బో, ఎంత ధీమా అన్నాడు ముసలి మేస్త్రీ నా పక్కన. నేనూ ధీమానే అనుకున్నాను.

నాలుగో చీల ఊడాక కొయ్య అచ్చు కొంచెం దిగింది. కమాను నిలబడింది. ఊపిరి పీల్చుకునేంత సేపు నిలబడింది. మొన కింద నుంచి తెల్లటి సున్నం పొడి రాలడం చూశాను, ముగ్గు రాలినట్టు. తర్వాత నడిమి రాయి దిగింది. దాని వెనకే అన్నీ.

ఆయన వెంటనే పోలేదు. రెండు రోజులు ఉన్నాడు. నడుము కింద అంతా నుజ్జు. దొర పక్కన కూర్చుని ఏడుస్తూ తొందర పెట్టింది తానేనని అంటుంటే, "నీది కాదు దొరా. నా ఉలి తప్పింది. అందరికీ అట్లే సెప్పు" అన్నాడు. ముసలి మేస్త్రీ వచ్చి తలవంచుకుని నిలబడితే ఆయనతోనూ అదే అన్నాడు. నన్ను దగ్గరికి పిలిచి ఒకటే మాట. "అవ్వను ఏమీ అనగాకు మే." నొప్పికి ఏదో పలవరిస్తున్నాడనుకున్నాను. ఆ పొద్దు వంగేటప్పటికి పోయాడు.

దినాలు అయినాక నేను కళ్ళంలోకి పోయి మోకాళ్ళ మీద కూర్చుని పేడ గీకాను. రెండో మేకు చోట రెండు బొక్కలు. ఒకటి మా మేకుది. దానికి రెండు వేళ్ళ దూరంలో ఇంకొకటి, రైతు ఎప్పుడో దూడను కట్టేసిన గూటానిది. నేను మేకు గుచ్చింది దూడ బొక్కలో.

నేనే చంపుకున్నాను. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు. అవ్వను ఏమీ అనలేదు. ఆమె కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి ఆ వచ్చిన ఎండాకాలంలోనే పోయింది. దొర ఓడెక్కాడు. ఆయన తర్వాత వచ్చిన దొరసాని నన్ను బడిపిల్లలకు వండిపెట్టే పనిలో పెట్టుకుంది, అక్షరాలు కూడా అక్కడే నేర్చుకున్నాను. చర్చి పని ఆగిపోయింది. దొర ఊరి గుడిలాగే దీని సగం గోడల మీద కూడా గడ్డి మొలిచింది. పడిన రాళ్ళను గోడవతల గుట్టగా వేశారు. ఆ పక్కకు నేను పోయేదాన్ని కాదు.

ఆ ఏళ్ళలో నన్ను తినేసింది ఆయన చావు ఒక్కటే కాదు. ఆయన తన పని తప్పని నమ్మి పోయాడే, అది. రాయిని తట్టి నిజం వినే మనిషి, అబద్ధం విని పోయాడు. నా ఉలి తప్పింది అనుకుంటూ పోయాడు. తప్పు నీది కాదు మామా అని ఆ రెండు రోజుల్లో ఒక్కసారి చెవిలో చెప్పి ఉండొచ్చు. ఎవరు వింటారోనని నోరు రాలేదు. చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడానికి కూడా ధైర్యం ఉండాలి.

యుద్ధం అయిపోయిన తర్వాత పని మళ్ళీ మొదలైంది. తుగ్గలి వైపు నుంచి కొత్త మేస్త్రీ వచ్చాడు. ఆయన నా సంగతి తెలిసిన మనిషి కాదు. గుట్టలోని రాళ్ళలో బాగున్నవి ఏరుతుంటే, వాళ్ళకు నీళ్ళిచ్చే పని నా మీద పడింది. కడవ చంకన పెట్టుకుని, కళ్ళు నేలకేసి పోయాను.

"అమ్మా, ఒక ఇంత సూడు" అన్నాడు మేస్త్రీ. "ఈ రాళ్ళు కొట్టినోడు గట్టోడు. కానీ ఈ యవ్వారమేందో నాకు తెలీకుండా ఉంది."

రెండు వరసలుగా పేర్చి పెట్టాడు. ఒక వరసలో ఆనుడు ముఖాల మీద నాలుగు చుక్కలు, మెలిక. నా ముగ్గు. ఇంకో వరస కుడి పక్క రాళ్ళు. వాటి మీద ముగ్గు ఉండాల్సిన చోట అరచేయంత మేర ఉలితో చెక్కి లోతు చేసి ఉంది. ఆ లోతులో సుత్తి గుర్తు. నిలువు గీత, నెత్తిన అడ్డగీత.

"ముందు ముగ్గే ఉండె. సెక్కి తీసేసి ఇంకో గుర్తు ఏసినాడు. ఇదో, ఈ రాయి మీద ఒక చుక్క పూర్తిగా పోలేదు సూడు. ఒక్కదాని మీద గాదు, తొమ్మిదింటి మీదా. ఎందుకు పడినాడో ఇంత కష్టం?"

నేను కడవ దించి అక్కడే కూర్చుండిపోయాను. మూడు రోజులు. గరుకు తీస్తాండా. అవ్వను ఏమీ అనగాకు.

అన్నీ తెలుసు ఆయనకు. పేర్చి చూసిన రోజే కళ్ళం గీకి రెండు బొక్కలూ చూసుకుని ఉంటాడు. అమావాస్య ఎప్పుడో, అవ్వ ఏమని ఉంటుందో, నేను ఎందుకు చెరిపానో, అంతా లెక్క కట్టుకుని ఉంటాడు. దొరకు చెప్పి ఉంటే దొర కమాను ఎక్కించడం ఆపేవాడు. కానీ చెబితే ముసలి మేస్త్రీ నోట, ఊరి నోట నా పేరు పడుతుంది. అందుకని నన్ను అడిగాడు. నేను లేదు మామా అన్నాను. ఆ తర్వాత ఆయన తొమ్మిది రాళ్ళ మీద నుంచి నన్ను తీసేశాడు, ఎప్పుడైనా ఎవరైనా విప్పి చూస్తే తప్పు తనదని ఉండాలని. కమాను నిలబడకపోవచ్చని తెలిసి కూడా అందరినీ దూరంగా పంపి, తానొక్కడే కింద నిలబడ్డాడు. ధీమా అనుకున్నాం మేము.

ఆయన అబద్ధం నమ్మి పోయాడని కదా ఇన్నాళ్ళూ ఏడ్చాను. ఇప్పుడు ఆ ఏడుపు కూడా నాకు మిగల్లేదు.

"ఈ తొమ్మిదీ ఏం చేస్తావప్పా?" అని అడిగాను.

"కొలత తప్పినాయి. పైకి పనికి రావు. పునాది ఊతానికి ఏస్తాం."

"ఆ చుక్క మిగిలిన రాయి దగ్గర నన్ను ఒక ఇంత కూర్చోనీ. ఉలి, సుత్తి ఇయ్యి."

ఆడమనిషి ఉలి అడగడం ఆయన ఎక్కడా విని ఉండడు. అయినా నా మొహం చూసి ఇచ్చాడు. రాతిపని ఇంట్లో పుట్టి, రాతిపని వాడిని చేసుకుని, నేను ఉలి పట్టడం అదే మొదలు. సుత్తి గుర్తు పక్కనే, మిగిలిన ఆ చుక్కను తోడు పెట్టుకుని రెండోది కొట్టాను. బొటనవేలు చితికింది. మూడోది కొట్టాను. నాలుగోది వంకరగా పడింది. మెలిక తిప్పడం నా వల్ల కాలేదు, ఉలి జారిపోతూ ఉంది. మేస్త్రీ తాను తిప్పి ఇస్తానన్నాడు. వద్దన్నాను.

ఆ రాయి ఇప్పుడు తూర్పు గోడ పునాదిలో ఉంది.